సింగపూర్ హాకర్ సెంటర్లలో చైనీస్ తిండి: తినేముందు చూసుకోవాల్సినవి

వేసవి సెలవులకు సింగపూర్ వెళ్తున్నారా? మాక్స్‌వెల్, చైనాటౌన్ కాంప్లెక్స్ లాంటి హాకర్ సెంటర్లలో (చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకేచోట ఉండే చోట్లు) క్యూలో నిలబడే ముందు ఇవి చూసుకోండి.

– రొయ్యలు, వేరుశనగ పడనివారు ముందే అడగాలి. రోజాక్ అనే సలాడ్‌లో పైకి కనిపించేవి పళ్లూ కూరగాయల ముక్కలే; దాని సాస్‌లో రొయ్యల ముద్ద, పైన వేరుశనగ పొడి ఉంటాయి. అలర్జీ మందు హోటల్ గదిలో వదిలేసి రాకండి.

– శాకాహారులు "చికెన్ వద్దు, రైస్ చాలు" అంటే సరిపోదు. హైనానీస్ చికెన్ రైస్‌లో అన్నమే కోడి కొవ్వు, కోడి రసంతో వండుతారు. వెజిటేరియన్ బోర్డున్న స్టాల్ వెతుక్కోవడమే మేలు.

– చార్ క్వే తియావ్‌లో (వేయించిన వెడల్పాటి బియ్యపు నూడుల్స్) పంది కొవ్వు వాడటం మామూలే. అందులో వేసే "హమ్" (గుల్లల్లోని చిన్న సముద్రజీవుల మాంసం) సగమే ఉడికి ఉండొచ్చు, కడుపు పాడైతే ట్రిప్ పోయినట్టే. "నో హమ్" అంటే వేయరు.

– క్యారెట్ కేక్ పేరు చూసి పిల్లలకు కొనకండి. అందులో క్యారెట్టూ లేదు, అది తీపి కేకూ కాదు. ముల్లంగి, బియ్యప్పిండి, గుడ్డు. (రుచి మాత్రం అదిరిపోతుంది.)

– టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ సీటు ఎవరో ముందే పట్టుకున్నారని అర్థం.

– తిన్న ట్రే మీరే తిరిగి పెట్టాలి. 2021 సెప్టెంబర్ నుంచి మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 సింగపూర్ డాలర్ల జరిమానా.

– కొంత నగదు ఉంచుకోండి.