‘ఐ విల్ పికప్ యు’లో తప్పెక్కడుంది?

తిరుపతిలో కారు నడిపేవాళ్ళకి, లాడ్జి కౌంటర్లో కూర్చునేవాళ్ళకి రోజుకి పదిసార్లైనా నోట్లో ఆడే ఇంగ్లీషు మాట పికప్. రేణిగుంట ఎయిర్‌పోర్టు పికప్, స్టేషన్ పికప్, అలిపిరి పికప్. సాయంత్రాలు నేను వీళ్ళకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాను, ఎన్ని బ్యాచులు మారినా ఈ ఒక్క మాట దగ్గర మాత్రం అవే తప్పులు. చాలావాటికి మూలం ఒకటే, అది పట్టుకుంటే మిగతాది సులువు.

తెలుగులో మనం ‘పికప్ చేస్తాను’ అంటాం, ‘పొద్దున ఐదింటికి పికప్ ఉంది’ అంటాం. అంటే మన నోట్లో అది విడదీయని ఒకే ముద్ద, పేరుగా మారిపోయిన మాట. ఇంగ్లీషులో దాన్ని పనిగా చెప్పేటప్పుడు మాత్రం పిక్ వేరు, అప్ వేరు, రెండింటి మధ్యా ఇంకో మాట దూరే సందు ఉంటుంది. ఆ సందు మనకి కనబడదు.

సమస్య: ‘ఐ విల్ పికప్ యు, సార్’ అని మెసేజ్ పెడుతున్నారు.

అర్థమైతే అవుతుంది, కానీ తప్పే. మి, యు, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్, ఈ ఏడింటిలో ఏది వచ్చినా పిక్‌కీ అప్‌కీ మధ్యలోనే కూర్చోవాలి. ‘ఐ విల్ పిక్ యు అప్, సార్.’ ఇందులో ఇక మినహాయింపులు వెతకొద్దు. అదే మనిషినో వస్తువునో పేరుతో చెప్తే రెండు రకాలుగానూ చెల్లుతుంది, ‘పిక్ అప్ ద లగేజ్’ అన్నా సరే, ‘పిక్ ద లగేజ్ అప్’ అన్నా సరే. కాకపోతే ఆ పేరు బాగా పొడుగైతే, అంటే ‘బస్టాండ్ గేటు దగ్గర నిలబడి ఉన్న పెద్దవాళ్ళు’ లాంటిదైతే, అప్‌ని పిక్ పక్కనే ఉంచేయండి, చివరికి తోస్తే వినేవాళ్ళు దానికోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. మా క్లాసులో దీన్ని జంటగా పలికిస్తాను: ‘ఐ విల్ పిక్ అప్ యువర్ ఫాదర్. ఐ విల్ పిక్ హిమ్ అప్ ఎట్ ఫైవ్.’ వారం రోజులు బండి తుడిచేటప్పుడు ఇలా జంటలు జంటలుగా అనుకోండి, నాలుకే అలవాటు పడుతుంది.

సమస్య: నిన్న జరిగింది చెప్పమంటే ‘ఐ పికప్డ్ దెమ్’ అంటున్నారు.

కారణం మళ్ళీ ఆ ముద్దే. ఒకే మాట అనుకున్నాం కాబట్టి మార్పంతా చివర తగిలిస్తున్నాం. మారేది పిక్ మాత్రమే, అప్ ఎప్పటికీ మారదు. నిన్నటికి ‘ఐ పిక్ట్ దెమ్ అప్’, ఇప్పుడు జరుగుతుంటే ‘ఐ యామ్ పికింగ్ దెమ్ అప్’. రాతలో చివర ‘ఈడీ’ ఉంది కదా అని పిక్కెడ్ అనకండి, ‘పిక్ట్’ అనే పలకాలి. రాసేటప్పుడు కూడా ఇదే గుర్తు: పని అయితే రెండు మాటలుగా విడదీసి రాయాలి, పేరు అయితే కలిపేయొచ్చు. పికప్ పాయింట్, పికప్ టైమ్ అని మీ బోర్డుల మీద కలిపి ఉన్నది తప్పు కాదు.

సమస్య: చెప్పడం వచ్చింది, కానీ అవతలివాళ్ళు అంటే అర్థం కావడం లేదు.

దీని మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే అనిపిస్తుంది. మా బ్యాచులో ఒక కుర్రాడికి విదేశం నుంచి వచ్చిన కుటుంబం ఫోన్ చేసి ‘కెన్ యు పికసప్ ఎట్ అలిపిరి?’ అని అడిగారట. అలిపిరి తెలిసింది, పికసప్ ఏమిటో తెలియలేదు. మూడుసార్లు అడిగాడు, వాళ్ళూ మూడుసార్లు అదే అన్నారు, ఈలోగా లైను కట్టయింది. ‘సార్, అదేమన్నా కొత్త మాటా?’ అని టెన్షన్‌గా వచ్చాడు. కొత్తదేమీ కాదు, పిక్, అస్, అప్ మూడూ కలిసిపోయాయి. మనం ‘ఏమిటి అది’ని ‘ఏమిటది’ అని, ‘ఎవరు అది’ని ‘ఎవరది’ అని అనడం లేదూ? చిన్నప్పుడు బళ్ళో సంధి అని చదువుకున్నదే, వాళ్ళ నోట్లోనూ అలాంటిదే జరుగుతుంది. ముందు మాట హల్లుతో ఆగి, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే అతుక్కుపోతాయి. ఇట్ అయితే ‘పికిటప్’. హిమ్, హర్‌లలో మొదటి ‘హ’ కూడా తరచుగా జారిపోయి ‘పికిమప్’, ‘పికర్‌అప్’ అని వినిపిస్తాయి. దెమ్ చాలాసార్లు ‘పికెమప్’ అవుతుంది. వీటిని చూసి చదవొద్దు, ఎవరితోనైనా వేగంగా పలికించుకుని వినండి. చివరి అప్ మీద కాస్త బరువు పడుతుంది, ఆ బరువు దగ్గర నుంచి వెనక్కి విప్పుకుంటూ వెళ్తే మధ్యలో ఎవరున్నారో తెలుస్తుంది.

సమస్య: ‘హి డిడ్ నాట్ లిఫ్ట్ ద ఫోన్.’

ఫోన్ ఎత్తలేదు అన్న మన మాటని అలాగే దించేశాం. ఇక్కడ మన ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది గానీ, బయటి దేశంవాళ్ళకి ఫోన్‌ని బరువులా పైకి ఎత్తినట్టు ఉంటుంది. ‘హి డిడ్ నాట్ పిక్ అప్’ అంటే చాలు, ఫోన్ అన్న మాట కూడా అక్కర్లేదు.

సమస్య: అప్ మింగేసి ‘షల్ ఐ పిక్ యు?’ అనడం.

పిక్ ఒక్కటే అంటే ఏరుకోవడం, ఎంచుకోవడం. ఎక్కించుకోవడానికి అప్ ఉండాల్సిందే. డ్రాప్ విషయంలో ఇంత పట్టింపు లేదు, ‘డ్రాప్ మి ఎట్ ద స్టేషన్’ అన్నా బాగానే ఉంటుంది, ‘డ్రాప్ మి ఆఫ్’ అంటే ఇంకా స్పష్టం.

ఇంకొక్క అర్థం మాత్రం చిత్తూరు వైపు వాళ్ళకి తప్పకుండా పనికొస్తుంది. పుస్తకం పట్టకుండా, వింటూ వింటూ వచ్చేసిన విద్యని కూడా పిక్ అప్ అంటారు. తమిళనాడు పక్కనే ఉంది కాబట్టి మనలో చాలామందికి తమిళం అలా అంగట్లోనో బస్సులోనో వచ్చేసిందే. ‘తమిళ్ ఎక్కడ నేర్చుకున్నావు?’ అని చెన్నై నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషులో అడిగితే ‘ఐ లెర్న్డ్ ఇన్ నో స్కూల్’ అని తడబడక్కర్లేదు. ‘ఐ పిక్ట్ ఇట్ అప్ ఎట్ వర్క్’ అనండి.