ఫైలు మీ కంప్యూటర్ దాటకుండా బ్రౌజర్‌లోనే సంతకం పెట్టడం ఎలా?

"సంతకం పెట్టి అరగంటలో పంపండి" అంటూ పీడీఎఫ్ వస్తుంది. ప్రింటర్ ఉండదు. వెతికితే మొదట కనిపించిన సైటులో ఫైలు పడేస్తాం. అందులో మన చిరునామా, ఖాతా నంబరు, జీతం అన్నీ ఉంటాయి, అవి ఎవరి సర్వర్‌లోకి పోతున్నాయో ఆ హడావుడిలో తట్టదు. నిజానికి ఫైలును ఎక్కడికీ పంపకుండానే ఈ పని అయిపోతుంది.

ముందుగా అవతలివాళ్లు ఏ సంతకం అడుగుతున్నారో కనుక్కోండి. పేజీ మీద చేవ్రాలు కనిపిస్తే చాలంటే అది బొమ్మ మాత్రమే. డిజిటల్ సంతకం కావాలంటే సంగతి వేరు, అది కింద చెప్తాను.

బొమ్మ సంతకానికి ఏ సైటూ అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌లో 2022 అక్టోబరులో వచ్చిన 106వ వెర్షన్ నుంచీ పీడీఎఫ్ మీద రాయడం, గీయడం కుదురుతోంది. ఫైలును లాగి ట్యాబ్‌లో వదలండి. అడ్రస్ పట్టీలో 'ఫైల్' అని మొదలైతే అది మీ డిస్కు నుంచే తెరుచుకుందన్నమాట. పైన పెన్ను గుర్తు నొక్కి గీయండి. మౌస్‌తో గీస్తే నా సంతకం నాకే గుర్తుపట్టరాదు. అందుకే తెల్లకాగితం మీద పెట్టి, ఫొటో తీసి, అంచులు కత్తిరించి, బొమ్మ చేర్చే గుర్తుతో అతికిస్తాను. తర్వాత డౌన్‌లోడ్ నొక్కితే సంతకంతో సహా సేవ్ అవుతుంది. అయితే ఆ బొమ్మ పేజీ మీద విడిగా తేలుతూ ఉంటుంది, ఎవరైనా పట్టుకుని పక్కకి జరపగలరు. ప్రింట్‌లోకి వెళ్లి 'పీడీఎఫ్‌గా సేవ్' ఎంచుకుంటే పేజీలో కలిసిపోతుంది.

వేరే సైటు వాడక తప్పదనుకుంటే, "మీ ఫైలు బ్రౌజర్ దాటదు" అన్న దాని మాటను ఊరికే నమ్మకండి. పరీక్ష తేలికే. ప్రైవేట్ విండోలో సైటు తెరవండి. పేజీ పూర్తిగా వచ్చాక, ఫైలు ఇవ్వకముందే, నెట్ ఆపేయండి. మొదటిసారి అసలు ఫైలు వద్దు, ఖాళీ పీడీఎఫ్ ఇచ్చి, సంతకం పడి సేవ్ అవుతుందో లేదో చూడండి. ఆ మాటే పెద్ద అక్షరాలతో రాసుకున్న ఒక సైటులో నేనిలా చేస్తే, చక్రం తిరుగుతూ ఉండిపోయింది. నెట్ ఇచ్చిన మరుక్షణం 'అప్‌లోడ్ అవుతోంది' అని పట్టీ కదిలింది!

ఆగిపోయిన ప్రతి సైటూ మోసమని కాదు. కొన్ని తమకు కావలసిన ప్రోగ్రామ్ ముక్కల్ని ఆలస్యంగా తెచ్చుకుంటాయి. అనుమానముంటే ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, నెట్ ఉంచే ఖాళీ ఫైలు ఇవ్వండి. మీ ఫైలంత బరువున్నది బయటికి పోతే అక్కడ కనిపిస్తుంది. నెట్ లేకుండా పని పూర్తయిందా, అసలు ఫైలు కూడా అలాగే చేసి, ప్రైవేట్ విండోలన్నీ మూసేశాకే నెట్ ఇవ్వండి. నెట్ ఎప్పుడొస్తుందా, ఎప్పుడు పంపేద్దామా అని ఫైలును బ్రౌజర్‌లో దాచుకునే పేజీలూ ఉండొచ్చు.

ఇక డిజిటల్ సంతకం. ఇందులో బొమ్మకు విలువ లేదు. ఫైలు మొత్తం నుంచి షా-256 వంటి లెక్కతో 256 బిట్ల ముద్ర ఒకటి తీసి, దాన్ని మీ రహస్య తాళంతో సంతకం చేస్తారు. తర్వాత ఒక్క కామా మారినా ముద్ర కలవదు, సంతకం చెల్లదు. తాళం పీ12 లేదా పీఎఫ్‌ఎక్స్ అనే రకం ఫైలుగా, పాస్‌వర్డ్‌తో ఉండొచ్చు. దాన్ని అడిగే పేజీకి పై పరీక్ష పెట్టకుండా ఇవ్వనే ఇవ్వకండి. పత్రం పోతే ఒక పత్రమే పోతుంది, తాళం పోతే మీ పేరుతో ఎన్నయినా సంతకాలు పడతాయి. నెట్ లేకుండా పెడితే, సంతకం ఏ సమయానికి పడిందో చెప్పే, బయటి సర్వర్ ఇచ్చే టైమ్‌స్టాంప్ మాత్రం చేరదు. అది తప్పనిసరైతే నెట్ ఉంచాల్సిందే, పద్ధతిగా చేసే సాధనమైతే ముద్రను మాత్రమే పంపుతుంది.

వరస కూడా ముఖ్యం. ఖాళీలు నింపడం, బొమ్మ అతికించడం ముందే ముగించి, డిజిటల్ సంతకం చివర్లో పెట్టండి. ఆ తర్వాత మళ్లీ 'పీడీఎఫ్‌గా సేవ్' కొడితే సంతకం ఎగిరిపోయి, బొమ్మ మిగులుతుంది. పంపేముందు అడోబీ రీడర్‌లో తెరిచి, సంతకం తర్వాత మార్పులేవీ జరగలేదని చూపిస్తోందో లేదో చూసుకోండి.

అన్నట్టు, ఫోన్‌తో తీసిన ఆ సంతకం ఫొటో ఈపాటికి క్లౌడ్ బ్యాకప్‌లోకి ఎక్కి ఉండొచ్చు. గ్యాలరీలోనూ, ఆ బ్యాకప్‌లోనూ చెరిపేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి.