స్క్వీజ్ పాటను కల్లు కాంపౌండ్‌లో కథ విన్నట్టు వినండి

ఇంగ్లిష్ పాటలంటే గిటార్ మోత, అర్థం కాని యాస అని పక్కన పెట్టేసేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. నల్గొండలో మా దోస్తులు ఐదుగురికి స్క్వీజ్ బ్యాండ్‌ను ఇట్లాగే అలవాటు చేశాను. అందులో ఇద్దరికి ఇంగ్లిష్ అంతంతమాత్రమే, అయినా ఇప్పుడు వాళ్లే అడిగి మరీ పెట్టించుకుంటున్నారు.

ముందు వీళ్లెవరో తెలియాలి. దక్షిణ లండన్‌లో 1973లో క్రిస్ డిఫర్డ్ అనే కుర్రాడు గిటార్ వాయించేవాడు కావాలని ఒక మిఠాయి కొట్టు అద్దానికి చీటీ అంటించాడు, దాన్ని చూసి వచ్చింది ఒకే ఒక్కడు, గ్లెన్ టిల్‌బ్రూక్. మరుసటి ఏడు డెట్‌ఫర్డ్‌లో బ్యాండ్ మొదలైంది. మాటలు డిఫర్డ్‌వి, బాణీలు టిల్‌బ్రూక్‌వి. అప్పట్లో లండన్ పబ్బుల్లో బ్యాండ్లు వాయించేవి. పబ్బు అంటే మనం హైదరాబాద్‌లో చూసే డీజే పబ్బు కాదు, పని దిగి వచ్చినోళ్లు గ్లాసు ముందర పెట్టుకొని తమ ఇంటి సంగతీ పక్కింటి సంగతీ చెప్పుకునే చోటు, మన కల్లు కాంపౌండ్ లాంటిదే.

మొదట 1979లో వచ్చిన 'అప్ ద జంక్షన్' పెట్టండి. లిరిక్స్ చూడకండి. పల్లవి ఎప్పుడొస్తుందా అని మాత్రం గమనించండి. రాదు! మూడు నిమిషాలు ఒకడు ఆగకుండా తన సంగతి చెప్పుకుంటూ పోతాడు, అంతే. పల్లవి లేకుండానే ఇది బ్రిటన్ చార్టుల్లో 2వ స్థానం దాకా పోయింది.

రెండోసారి లిరిక్స్ ఎదురుగా పెట్టుకొని, అతను చెప్పే చిన్న చిన్న లెక్కల కింద గీత గీయండి. 11 గంటల పని, తనతో కాపురం పెట్టిన పిల్ల కోసం కొన్న పూలు, ఆమెను కాన్పుకు తీసుకుపోయిన టైమ్ తెల్లవారుజామున 4:50. ప్రేమ ఎంత గొప్పదో ఒక్క ముక్క చెప్పడు, ఆ 4:50 చాలు. ఇక ఆమె పేరు పాటంతా వెతికినా దొరకదు. తాగుడు, జూదం, ఆమె వదిలిపోవడం నాలుగైదు లైన్లలో తేల్చేస్తాడు, ఎందుకంటే తప్పు తనదే అయినప్పుడు ఏ మనిషైనా ఆ ముక్క గబగబా దాటేస్తాడు కదా. నాకు ఈ పాటలో అన్నింటికన్నా గొప్పగా అనిపించేది ఆ తొందరే.

చమత్కారం ఎక్కడంటే, క్లాపమ్ జంక్షన్ లండన్‌లో పెద్ద రైల్వే స్టేషన్, 'అప్ ద జంక్షన్' అంటే అక్కడి వాడుకలో చిక్కుల్లో పడ్డాడనే అర్థమూ వస్తుంది. క్లాపమ్ పిల్లతో మొదలైన పాట చిట్టచివరి మాటగా 'జంక్షన్' అంటుంది, అంతదాకా టైటిల్ వినపడదు. 'హ్యాపెన్'కు 'క్లాపమ్', 'కిచెన్'కు 'మిస్సింగ్' అంటూ కొసలు పూర్తిగా కలవని ప్రాసలు వేస్తారు, మాట్లాడే మనిషికి ప్రాస అట్లాగే దొరుకుతుంది. సుద్దాల హనుమంతు పాటలు, ఒగ్గు కథలు విన్న చెవులకు ఇదేమీ కొత్త కాదు.

ఇది ఎక్కాక 1981లో వచ్చిన 'లేబెల్డ్ విత్ లవ్', తాగుడుకు అలవాటుపడిన ఒక ముసలామె కథ. 'కూల్ ఫర్ క్యాట్స్' మాత్రం చివరికి పెట్టుకోండి, డిఫర్డ్ గబగబా వాగినట్టు పాడతాడు, మొదటే వింటే బెదిరిపోతారు.

విన్నాక మీరూ ఒకటి కట్టండి, అప్పుడే అసలు పనితనం తెలుస్తుంది. దేవరకొండ వైపు దోస్తు ఒకడు హోటల్లో చాయ్ తాగుతూ వాళ్ల నాయన బోరు వేయించిన రాత్రి గురించి చెప్పాడు. అతను చెప్పింది చెప్పినట్టే కాగితం మీద పెట్టాం. రాత్రి రెండున్నరకు బోరు లారీ రావడం, 480 ఫీట్ల దగ్గర ఇంకో రాడ్ వేయమంటారా అని అడగడం, నాయన అమ్మ మెడలోకి చూడటం, తెల్లటి దుమ్ము లేచి పక్కనున్న బత్తాయి ఆకుల మీద పడటం. ఏడుపు, అప్పు అనే మాటలు కొట్టేశాం. 'నీళ్లు' అనే మాట ఆఖరి లైన్ దాకా రావద్దని పెట్టుకున్నాం. పన్నెండు లైన్లు కుదిరాయి, డప్పు మీద దరువు కూడా దొరికింది. ఆ ఆఖరి లైన్ కోసం ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.