పాత సున్నపు గోడకు సిమెంటు వద్దు

తాతల నాటి మండువా ఇల్లు బాగు చేయిస్తున్నారా? గోడ పెచ్చులు ఊడుతున్నాయంటే చాలామంది మేస్త్రీలు మొదట అనే మాట, "మొత్తం గీకేసి సిమెంటు కొట్టేద్దాం సార్" అని. ఒప్పుకోకండి. ముందు ఇటుకల మధ్య అతుకును మేకుతో గీకి చూడండి. తెల్లటి పొడి సులువుగా రాలితే అది చాలావరకు సున్నపు కట్టుబడే.

అలాంటి గోడ నేలలోని చెమ్మను పీల్చుకుని మెల్లగా గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు, పుట్టీ, ఎమల్షన్ పెయింట్ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పొంగి చివరికి ఇటుకే పిండిలా రాలుతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక గానీ అసలు సంగతి బయటపడదు.

ఊడిన మేర మాత్రమే డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో మెత్తగా నూరిన సున్నంతో, పలుచటి పూతలుగా పూయించండి. కొన్నాళ్లు రోజూ కాస్త తడపాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నం గట్టిపడటానికి వారాలు పడుతుంది కాబట్టి, ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఈ పని మొదలెట్టకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పైన వెల్ల వేయిస్తే సరి.

అన్నట్టు, ఇదంతా చేసే ముందు చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయేమో చూసుకోండి. పడుతుంటే ముందు వాటిని దూరంగా మళ్లించాలి.