కొండవాలులో ఇల్లు: వానకు, గాలికి, నిప్పుకు నిలిచేలా చూసుకోవడం

శ్రీకాకుళం జిల్లా మందస ఎగువన మహేంద్రగిరి పాదాల నుంచి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, సాలూరు కొండల మీదుగా, విజయనగరం జిల్లా శృంగవరపుకోట ఎగువ గ్రామాల దాకా, కొండను ఆనుకుని కట్టిన పాత ఇళ్లు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. రాతి పునాది, మట్టి గోడ, పైన పెంకు లేదా రేకు, వెనుక కొండవాలు, పక్కన జీడితోటో అడవో కనిపిస్తాయి. ఇలాంటి ఇంటికి మొదటి శత్రువు నీరు. గాలి, నిప్పు, చెద ఆ తరువాత వస్తాయి. అందుచేత చేతిలో డబ్బు కొద్దిగానే ఉన్న ఏడాది రంగులూ సున్నాలూ వాయిదా వేసి, వెనుక కాలువకూ పైకప్పుకూ ఖర్చు పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

కొండ మీద పడిన వాననీరు నేరుగా దిగి వెనుక గోడ మొదలును తాకకూడదు. గోడకు ఎగువన ఆరు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో, వాలుకు అడ్డంగా, అడుగున్నర వెడల్పు, అడుగు లోతున కాలువ తవ్వి, దాన్ని ఇంటి పక్కగా తిప్పి దగ్గరలోని గెడ్డలో, అంటే కొండవాగులో, కలపాలి. పది అడుగులకు ఒకటి రెండు అంగుళాల వాటం సరిపోతుంది. ఎక్కువైతే నీరు అడుగుమట్టిని కోసుకుపోతుంది, తక్కువైతే ఆకులు నిలిచి కాలువ పూడిపోతుంది. తవ్విన మట్టిని ఇంటివైపు గట్టుగా వేసి తొక్కాలి, ఎందుకంటే కొండవైపు వేసిన మట్టి మొదటి జడివానకే తిరిగి కాలువలోకి దిగుతుంది. మలుపుల దగ్గర కొండరాళ్లు పేర్చాలి. నీరు వదిలే చోటికి దిగువన ఎవరి ఇల్లు, ఎవరి పొలం ఉన్నాయో చూసి, వారితో మాట్లాడిన తరువాతే గునపం పట్టాలి. మన గోడ కోసం పొరుగువారి గోడ మీదికి నీరు మళ్లిస్తే ఆ తగవు వానాకాలం దాటినా తీరదు.

పూడిక మే నెలాఖరులో ఒకసారి, సెప్టెంబరు మొదట్లో మరొకసారి తీయాలి. చాలామంది రెండవదాన్ని వదిలేస్తారు. కానీ మన వైపు తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనే వస్తాయి. 2021లో గులాబ్ తుఫాను అంతకన్నా ముందే, సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అలాగే, పెరడు పెంచుకోవడానికి ఇంటి వెనుక కొండను నిలువుగా చెక్కడం ఏ కారణంచేతనూ చేయదగిన పని కాదు. వాలు మీద కొత్తగా వంపు తిరిగిన పగుళ్లు కనిపించినా, చెట్లు దిగువకు ఒరుగుతున్నా, తేటగా వచ్చే ఊట ఒక్కసారిగా బురదగా మారినా, సామాను సంగతి మరిచి ఇల్లు ఖాళీ చేయాలి, ఊరివాళ్లకు చెప్పాలి.

గోడ విషయంలో సవర గిరిజనుల గూడేల్లోని పాత ఇళ్లను గమనిస్తే చాలా నేర్చుకోవచ్చు. వరుసగా కట్టిన ఆ ఇళ్లకు చూరు మనిషి వంగి లోపలికి వెళ్లవలసినంత కిందికి దిగి ఉంటుంది, దాని కింద అరుగు సాగుతుంది, గోడకు వాన జల్లు తగలదు. వెలుతురు కోసం చూరు ఎత్తి కట్టే ఈ రోజుల్లో కూడా గోడ దాటి కనీసం రెండడుగులు చూరు ఉండేలా చూసుకోవాలి. మట్టి గోడపై సిమెంటు పూత పూయించవద్దు. పూతలో ఎక్కడో ఒక సన్నని పగులు వస్తుంది, అందులోంచి దిగిన నీరు బయటికి ఆరే దారిలేక లోపలి మట్టిని నానబెడుతుంది, చివరికి పూత పలకలుగా ఊడుతూ మట్టిని కూడా వెంట తీసుకుపోతుంది. జల్లించిన మట్టిలో వరిగడ్డి ముక్కలు, పేడ కలిపి కొన్నాళ్లు ముగ్గనిచ్చి, గోడను తడిపి పూస్తే అది గోడతోపాటే తడుస్తుంది, గోడతోపాటే ఆరుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన్యం గ్రామాల్లో మలేరియా నివారణకు ఆరోగ్య సిబ్బంది ఇంటి లోపలి గోడలపై దోమల మందు పిచికారీ చేస్తారు. ఆ మందు గోడపై పలుచని పొరగా నిలిచి, వాలిన దోమను చంపుతుంది. పిచికారీ అయిన వారానికే పండుగ వచ్చిందని గోడలు అలికితే ఆ పొర మట్టి కింద కప్పబడిపోయి, మందు వృథా అవుతుంది. కాబట్టి వారు ఎప్పుడు వస్తారో ఆశా కార్యకర్తను ముందే అడిగి, అలుకుడూ పూతా అంతకు ముందే ముగించాలి.

పైకప్పు పరీక్షకు నిచ్చెన కన్నా ముందు చీకటి కావాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తలుపులు, కిటికీలు మూసి లోపల నిలబడి పైకి చూస్తే, జారిన పెంకు పక్కన సన్నని వెలుగు గీత, పగిలిన పెంకు దగ్గర చుక్క కనిపిస్తాయి. వాటికి సూటిగా కింద నేలపై బొగ్గుతో గుర్తు పెట్టుకుంటే, పైకి ఎక్కిన మనిషి అవసరం లేని పెంకులను తొక్కి విరగ్గొట్టడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫానులో గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అంత గాలి పైకప్పును మొదట అంచుల దగ్గర, రెండు వాలులు కలిసే నడికొప్పు దగ్గర పట్టుకుని పైకి లేపుతుంది. అందువల్ల నడికొప్పు పెంకులను సున్నపు గచ్చుతో కూర్చోబెట్టాలి. చూరు వెంట కింది రెండు వరుసల పెంకులను జీఐ తీగతో బద్దెలకు కట్టాలి. వాసాలను గోడ మీది దూలానికి ఇనుప పట్టీలతో బిగించాలి. రేకు కప్పు అయితే హుక్కు బోల్టులను రేకు మెట్ట మీదే బిగించి, కింద తారు వాషరు వేయాలి. పల్లంలో బిగిస్తే నీరంతా ఆ రంధ్రంలోకే దిగుతుంది. వసారా కప్పును అసలు కప్పుకు కలపకుండా విడిగా కట్టడం మేలు: గాలికి వసారా లేచిపోయినా ఇంటి కప్పు మిగులుతుంది. ఇంటిపైకి వంగిన పనస, మామిడి కొమ్మలను వానలకు ముందే కొట్టించాలి.

కర్రను కళ్లతో చూసి నమ్మవద్దు. వాసం గోడలోకి దిగే చోట కత్తిమొనతో గుచ్చి చూడాలి, సులువుగా దిగితే లోపల డొల్ల అయినట్టే. గోడపై పాకే చెదల మట్టి గొట్టాన్ని తుడిచివేస్తే చాలదు, అది ఎక్కడ నేలలోంచి లేచిందో వెదికి, అక్కడ చెదమందు పోయించాలి, బావికీ ఊటకూ దగ్గరైతే మందు మానుకోవాలి. వెదురు వాడదలిస్తే పారే నీటిలో కొన్ని వారాలు నానబెట్టి ఆరనివ్వాలి, అప్పుడు పురుగుకు ఆహారమైన పిండిపదార్థం చాలావరకు కొట్టుకుపోతుంది. కట్టెల పొయ్యి పొగ పట్టిన వాసాలు ఎక్కువకాలం నిలుస్తాయి. ఉద్యోగాలకు శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉంటూ ఎప్పుడో ఒకసారి వచ్చేవారు, వచ్చిన రోజు సాయంత్రమంతా పొయ్యి వెలిగించి ఉంచాలి, పెట్టెలు, చాపలు గోడకు జానెడు దూరం జరపాలి. తాళంచెవి ఒకటి పొరుగింట్లో ఉండాలి.

ఫిబ్రవరి నుంచి వానలు పడే దాకా నిప్పు కాలం. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు తగలబెడతారు, పోడు సాగుకు నరికిన కొండచెక్కలు కాలుస్తారు, గాలి తిరిగితే ఆ మంట తోటల్లోకి పాకుతుంది. ఇంటి చుట్టూ ముప్పై అడుగుల మేర ఎండుటాకులు ఊడ్చి, నేల కనిపించేలా ఉంచాలి. చూరు సందుల్లోనూ పెంకుల మీదా పేరుకున్న ఆకులు ఇంకా ముఖ్యం, ఎగిరివచ్చిన నిప్పురవ్వ అంటుకునేది అక్కడే. కట్టెల మోపు, జీడిపిక్కల తొక్కలు గోడకు ఆనించవద్దు. తొక్కలోని నూనె భగ్గుమంటుంది. ఏ రోజు ఎవరు ఎక్కడ కాలుస్తారో గూడెం పెద్దలతో కూర్చుని ముందే అనుకుంటే, ఆ రోజు పది మంది పచ్చి కొమ్మలతో సిద్ధంగా ఉండవచ్చు. ఒంటరిగా ఏ ఇల్లూ అడవి మంటను ఆపలేదు. మంట చేయి దాటితే 101కు ఫోను చేసి, అటవీ సిబ్బందికి కబురు పంపాలి.

సీతంపేట, కురుపాం వైపు ఒడిశా అడవుల నుంచి వచ్చిన ఏనుగులు తిరిగే చోట, మూసి ఉన్న ఇంట్లో ధాన్యం, బెల్లం, ఉప్పు, ఇప్పపువ్వు నిల్వ ఉంచవద్దు. వాసన పట్టిన ఏనుగుకు మట్టి గోడ అడ్డు కాదు. మందస, ఉద్దానం వైపు పనస, జీడిపండ్ల కాలంలో ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి, రాలిన పండ్లు ఇంటి దగ్గర పోగుపడనివ్వకూడదు. కంచెకు కరెంటు పెట్టడం నేరం, పైగా ముందుగా చచ్చిపోయేది మన పశువో మన మనిషో. ఎలుకలు తగ్గితే పాములూ తగ్గుతాయి. అయినా కట్లపాము తిరిగే కాలంలో నేలపై పడుకోకుండా మంచంపై దోమతెర చెక్కుకుని పడుకోవాలి.

తుఫాను వెళ్లిన తరువాత తిరిగి వచ్చినప్పుడు తెగిపడిన తీగలను ముట్టకుండా 1912కు తెలపాలి. తలుపు తీసే ముందు ఇంటి చుట్టూ తిరిగి, గోడ మూలలు విడిపోయాయేమో, గోడ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బిన మట్టి గోడ వాన ఆగిన రెండు మూడు రోజులకు కూడా కూలుతుంది. ఏదీ సర్దకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంటే నష్టం రాసుకోవడానికి వచ్చే అధికారులకు చూపవచ్చు. పైకప్పుపై ముందు టార్పాలిను కట్టి, కాలువలో పడిన మట్టి ఎత్తి, గోడ పూర్తిగా ఆరిన తరువాతే కొత్త పూత మొదలుపెట్టాలి.