సొరుగులోకి వెళ్లే పాత ఫోన్లు

కొత్తది కొన్నాక పాత స్మార్ట్‌ఫోన్‌ను దాచాలనుకుంటే, ఛార్జింగ్ 50 శాతం దగ్గర ఉంచి స్విచ్ఛాఫ్ చేయండి. నూరు శాతం నింపి పెడితే బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. సున్నాకి దిగి నెలల తరబడి పడి ఉంటే మళ్లీ ఛార్జింగే ఎక్కకపోవచ్చు. ఆరు నెలలకోసారి తీసి సగానికి ఎక్కించాలి. వెనక మూత ఊడే మోడలైతే బ్యాటరీ తీసి విడిగా పెట్టడం మేలు. రేకుల కప్పు కింద అటక మీద వద్దు, మన ఎండలకు అక్కడ పొయ్యే!

చాలామంది దెబ్బతినేది మెమరీ కార్డు దగ్గర. ఆండ్రాయిడ్ 6తో వచ్చిన సదుపాయం వాడి కార్డును ఇంటర్నల్ స్టోరేజీగా మార్చి ఉంటే, అది ఆ ఫోన్ ఒక్కదానికే చదవడానికి వస్తుంది. వేరే ఫోన్లో పెడితే ఫార్మాట్ చేయమంటుంది. చేశారో, ఫొటోలు పోయినట్టే. పాత ఫోన్‌ను రీసెట్ చేసినా అంతే, కార్డులోని డేటాను ఇంకెవరూ చదవకుండా గుప్తంగా మార్చే ఎన్‌క్రిప్షన్ తాళంచెవి ఉండేది ఆ ఫోన్లోనే. కాబట్టి ముందు ఫొటోలన్నీ కాపీ చేసుకోండి. లాక్ ప్యాటర్న్ కూడా ఎక్కడైనా గీసి పెట్టుకోండి.

తెర అంచు లేచినా, వెనక ప్యానెల్ ఉబ్బినా బ్యాటరీలో గ్యాస్ చేరి ఉంటుంది. నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, సూదితో పొడవడం అసలే వద్దు, మంట అంటుకోవచ్చు. సర్వీస్ సెంటర్‌కో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో ఇచ్చేయండి. చెత్తబండిలో మాత్రం వేయకండి.