ఇక్కడ ఇల్లు కడగకండి, తుడవండి: కొత్తగా అమెరికా వచ్చినవారికి

కొత్త ఇంట్లో దిగిన మొదటి శుక్రవారం ఇల్లు కడగకండి. ముందు ఈ ఒక్కమాట చెప్పేసి మిగతాది తీరిగ్గా చెబుతాను. ఎందుకంటే సామాన్లు విప్పకముందే, పాలు పొంగించకముందే మనవాళ్ల చెయ్యి బకెట్ మీదికి వెళ్తుంది. ఎవరో ఉండి వెళ్లిన ఇల్లు, నాలుగు చెంబులు నీళ్లు కొట్టి కడుక్కుంటే గానీ మనసొప్పదు. ఆ మనసు నాకు తెలుసు, నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. అయినా వద్దు.

ఈ మధ్య డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మాకు తెలిసిన జంట ఒకరు పై అంతస్తు అపార్ట్‌మెంట్‌లో దిగారు. సాయానికని వచ్చిన అత్తగారు వరలక్ష్మీ వ్రతం ముందురోజు వంటింట్లో బకెట్ నీళ్లు పోసి చీపురుతో తోశారు. తోసిన నీళ్లు పోవడానికి తూము ఎక్కడా లేదు. సగం డిష్‌వాషర్ కిందికి పోయాయి, సగం గోడవారన ఇంకిపోయాయి. సాయంత్రానికి కింది ఇంటివాళ్ల సీలింగ్‌లో లైటు పక్కన గోధుమరంగు మచ్చ, మర్నాడు అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చి చూసుకునే లీజింగ్ ఆఫీసు నుంచి నోటీసు. పండగ పూట ఆ అమ్మాయి ఏడుస్తూ కూర్చుంది. పెద్దావిడను ఏమీ అనడానికి లేదు. ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

మన ఊళ్లో నేల కింద కాంక్రీటు స్లాబు ఉంటుంది. దాని మీద తాండూరు బండలో, మొజాయికో, టైల్సో పరుస్తారు. స్నానాలగదిలో, పెరటి వసారాలో ఒక మూలకి వాలు ఇచ్చి తూము పెడతారు. ఎంత పోసినా నీళ్లు దారి చూసుకుని పోతాయి. ఇక్కడ రెండు మూడు అంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలామటుకు చెక్కతో కట్టినవే. మీరు నడిచే పలక కింద ప్లైవుడ్ షీటో, చెక్క పేళ్లను అతికించి చేసిన ఓఎస్‌బీ షీటో ఉంటుంది. దాని కింద చెక్క దూలాలు. ఆ దూలాల అడుగున బిగించిన జిప్సమ్ షీటే కింది ఇంటివాళ్ల సీలింగ్. స్నానాలగదిలో కూడా నేలకి తూము ఉండదు, తొట్టిలోనే ఉంటుంది. మేం కింది అంతస్తులోనే ఉన్నాం, మా కింద కాంక్రీటే కదా అంటారు కొందరు. కాంక్రీటే. కానీ దాని మీద పరిచిన పలక ఉబ్బుతుంది కదా, దానికి డబ్బు కట్టాల్సింది మీరే కదా.

అందుకని ముందు మీ నేల ఏమిటో తెలుసుకోండి. చూడ్డానికి అన్నీ చెక్కలాగే ఉంటాయి. లీజింగ్ ఆఫీసులో అడిగితే చెబుతారు. నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంటే దాన్ని ఎత్తి పలక అంచు చూసినా తెలుస్తుంది. టెక్సస్‌లో ఆ జాలీలు చాలా ఇళ్లకి పైకప్పులో ఉంటాయి కాబట్టి అక్కడ అడగడమే నయం.

లామినేట్ అయితే జాగ్రత్త ఎక్కువ కావాలి. చెక్కపొడిని గట్టిగా అదిమి చేసిన పలక మీద చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, ఆపైన గట్టి పారదర్శకపు పొర, అంతే లామినేట్. పైపొర నీళ్లకి చలించదు. రెండు పలకల మధ్య సందులోకి నీళ్లు దిగితే మాత్రం అంచులు పైకి లేస్తాయి. ఆరినా మళ్లీ కిందికి దిగవు, ఆ పలక మార్చాల్సిందే. వినైల్ అనే ప్లాస్టిక్ పలకలు ఈమధ్య అపార్ట్‌మెంట్లలో బాగా వేస్తున్నారు. వాటి డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటుంది, మనవాళ్లు అది చదివి ధైర్యం తెచ్చుకుంటారు. తడవనిది పలక మాత్రమే. సందుల్లోంచి దిగిన నీళ్లు పలక కింద చిక్కుకుని, ఆరే దారిలేక బూజు పట్టిస్తాయి. వినైల్ మీద రబ్బరు అడుగున్న మ్యాట్లు కూడా వేయకండి, కొన్నాళ్లకి పసుపుపచ్చ మరక పడుతుంది, అది కడిగితే పోయేది కాదు. అసలు చెక్కయితే, అది మొత్తం చెక్కే అయిన హార్డ్‌వుడ్ అయినా, పైపొర మాత్రమే అసలు చెక్కయిన ఇంజినీర్డ్ వుడ్ అయినా, మీరు తుడిచేది చెక్కని కాదు, దాని మీద పూసిన పాలిష్‌ని. వెనిగర్ నీళ్లతో రోజూ తుడిస్తే ఆ మెరుపు కొన్నాళ్లకి చచ్చిపోతుంది. వెనిగర్ సహజమైనది, ఏమీ చెయ్యదు అని వీడియోల్లో చెప్పారంటారు. వీడియో చేసినవాళ్లు మీ డిపాజిట్ కట్టరు.

ఇక రోజువారీ పని. ముందు పొడిగా ఊడవాలి, తడి దాని తర్వాతే. దుమ్ము ఉండగా తడిగుడ్డ పెడితే ఇసుక రేణువుల్ని నేలంతా రుద్దినట్టే, గీతలు పడతాయి. వాక్యూమ్ ఉంటే, అడుగున తిరిగే బ్రష్‌ని ఆపేసి గట్టినేల సెట్టింగ్‌లో పెట్టుకోండి. ఆ బ్రష్ కార్పెట్ కోసం చేసింది, చెక్క మీద గీస్తుంది, బియ్యపు గింజల్ని విసిరికొడుతుంది. వాక్యూమ్ కొనేదాకా మైక్రోఫైబర్ గుడ్డ తగిలించే చదునైన మాప్ చాలు, పొడిగా తోసుకుంటూ వెళ్తే వెంట్రుకలు, దుమ్ము దానికే అంటుకుంటాయి. ఇండియన్ స్టోర్‌లో దొరికే మెత్తటి చీపురూ పనికొస్తుంది. కొబ్బరి ఈనెల చీపురు మాత్రం బాల్కనీకే. రాత్రి 10 దాటాక వాక్యూమ్ వేయకండి, చెక్క నేల గుండా ఆ మోత కిందికి బాగా వినిపిస్తుంది, చాలా లీజుల్లో ఆ గంటలు రాసే ఉంటాయి.

తడిగుడ్డ వారానికోసారి చాలు, వంటింటికి రెండుసార్లు. మన ఇంట్లో మాప్‌ని బకెట్లో ముంచి, నీళ్లు కారుతుండగానే నేల మీద వేస్తాం. ఇక్కడ గుడ్డని గట్టిగా పిండాలి, పిండాక మళ్లీ పిండాలి. ఇంకా తేలిక మార్గం, నీళ్లు పోసుకున్న స్ప్రే సీసాతో గుడ్డ మీద కొట్టుకుని తుడవడం. తుడిచాక ఒకటి రెండు నిమిషాల్లో నేల ఆరిపోవాలి. ఆరకపోతే నీళ్లు ఎక్కువైనట్టు, అంతకంటే వేరే పరీక్ష అక్కర్లేదు. స్టీమ్ మాప్ చెక్కకీ లామినేట్‌కీ అసలు వద్దు, ఆవిరి సందుల్లోకి నీళ్ల కంటే తేలిగ్గా దిగుతుంది.

సబ్బు విషయం. మేం వచ్చిన కొత్తలో న్యూజెర్సీలో ఒక పాత ఇంట్లో ఉండేవాళ్లం. చలికాలం, చేతిలో డబ్బు లేదు, బయటికి వెళ్లడానికి కారు లేదు, ఇంట్లో ఏ మూల నడిచినా కాలికి జిగట. ఎన్నిసార్లు తుడిచినా పోయేది కాదు. అది మురికి కాదని, మాకు ముందున్నవాళ్లు పోసిపోసి వదిలిపెట్టిన సబ్బు పొర అని తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఉత్త గోరువెచ్చని నీళ్లతో, గుడ్డ మారుస్తూ తుడిస్తే పోయింది. నురగ ఎంత వస్తే అంత శుభ్రం అనుకోవద్దు. లేబుల్ మీద ఎంత కలపమన్నారో అంతే కలపండి. గుడ్డలు ఉతికేటప్పుడు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, అవి నీళ్లు పీల్చడం మానేస్తాయి.

వంటింటి సంగతి వేరు. మనం పోపు వేసే ఇళ్లలో నూనె గాల్లోకి లేచి నేలమీదే దిగుతుంది. పైగా చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీదుండే ఫ్యాను గాలిని బయటికి పంపదు, జాలీలోంచి తీసి మళ్లీ మీ మొహం మీదికే వదులుతుంది. అందుకే పొయ్యి ముందు ఉతుక్కునే రన్నర్, అంటే సన్నటి పొడుగు పట్టా, ఒకటి వేసుకోండి. నేలకి గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు చుక్కలు గిన్నెల సబ్బు, పిండిన గుడ్డ, ఆ వెంటనే ఉత్త నీళ్ల గుడ్డ. పసుపు ఒలికితే రుద్దకండి, పేపర్ టవల్‌తో అద్ది తీయండి. టైల్స్ మధ్య తెల్లటి గ్రౌట్‌కి పసుపు పట్టేస్తే, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో బేకింగ్ సోడా కలిపి కాసేపు ఉంచి తుడవండి, ముందు ఒక మూలన చూసుకుని. చెక్క మీద అది వాడకూడదు. ఎండ తగిలేచోట అయితే పసుపు మరక తనంతట తనే వెలిసిపోతుంది. గ్రైండర్‌ని నేలమీద పెట్టేవాళ్లు కింద పెద్ద ట్రే పెట్టుకోండి.

ఇప్పుడు స్నానాలగది. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే సీలింగ్ మచ్చల కథలన్నీ ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. తొట్టిలో కర్టెన్ లోపలి వైపు వేలాడాలి, బయట కాదు. బకెట్, మగ్గు వాడండి, ఎవరూ కాదనరు, కానీ బకెట్ తొట్టి లోపలే ఉండాలి. పిల్లలకి స్నానం చేయిస్తున్నప్పుడు తొట్టి పక్కన పాత తువ్వాలు పరచండి. కాళ్లు తొట్టిలోనే తుడుచుకుని బయటికి రావాలి. ఫ్యాను స్నానం అయ్యాక ఇంకో 20 నిమిషాలు తిరగనివ్వండి. కమోడ్ చుట్టూ నీళ్లు కొట్టి కడగాలనిపిస్తుంది, కొట్టకండి, స్ప్రే కొట్టుకుని గుడ్డతో తుడవండి.

ఇక కమోడ్ పక్కన కడుక్కోవడానికి పెట్టుకునే జెట్ స్ప్రే. మనవాళ్లందరూ బిగించుకుంటారు, నేనూ వద్దనను. అయితే ఆఫీసుని అడిగి బిగించండి. బిగించాక, ఆ స్ప్రే గొట్టానికి నీళ్లు వదిలే T ఆకారపు టీ వాల్వ్‌ని ప్రతిసారీ, వినండి, ప్రతిసారీ కట్టేయండి. చేతిలో మీట వదిలేస్తే నీళ్లు ఆగినట్టు కనిపిస్తాయి గానీ, వాల్వ్ తెరిచే ఉంటే ఆ గొట్టం రోజంతా ఒత్తిడి మోస్తూనే ఉంటుంది. మీరు ఆఫీసులో ఉండగా అది ఊడిందంటే మీ నేలా పోతుంది, కింది ఇల్లూ పోతుంది. ఇంట్లో అందరికీ, వచ్చే చుట్టాలకి కూడా చూపించండి. కమోడ్ వెనక వాల్వ్ ఎక్కడుందో, ఇంటి మొత్తానికి నీళ్లు కట్టేసే వాల్వ్ ఎక్కడుందో దిగినరోజే వెతికి పెట్టుకోండి.

ఊరి నుంచి యాసిడ్ అలవాటు తెచ్చుకోకండి. గ్రౌట్ సిమెంటుతో చేసింది, యాసిడ్ దాన్ని తినేస్తుంది. అంతకంటే ముఖ్యం, బ్లీచ్‌లో నీళ్లు తప్ప మరేదీ కలపకండి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, వెనిగర్, కమోడ్ కడిగే యాసిడ్ రకాలు, వీటిలో ఏది బ్లీచ్‌తో కలిసినా విషవాయువు పుడుతుంది. కిటికీ లేని స్నానాలగదుల్లో అది ప్రాణం మీదికి వస్తుంది. ఊపిరి ఆడకపోతే బయటికి వచ్చేసి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. కళ్లు మండినా, పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకున్నా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఫోన్లో దాచుకోండి.

పూజ మానక్కర్లేదు. దీపం కుందుల కింద అంచున్న స్టీలు పళ్లెం, అభిషేకానికి లోతైన బేసిన్. కొబ్బరికాయ నేలమీద కొట్టకండి, పలక సొట్ట పడుతుంది. చేతిలో పట్టుకుని సింక్ మీద కత్తి వెనక వైపుతో తట్టుతూ తిప్పితే చక్కగా పగులుతుంది. గడపకి పసుపు రాయాలనుంటే చిన్న చెక్కపట్టీ ఒకటి కొని దానికి రాసి గుమ్మం ముందు పెట్టుకోండి. తెల్ల రంగు వేసిన ద్వారబంధానికి పసుపు అంటితే మళ్లీ రంగు వేయించాల్సిందే.

దిగినరోజు ప్రతి గదిలో నేల ఫొటోలు తీయండి, సందులు, అంచులు, డిష్‌వాషర్ ముందు భాగం, కమోడ్ చుట్టూ. ఆఫీసువాళ్లు ఇచ్చే మూవ్-ఇన్ ఫారంలో ఉన్న మచ్చలన్నీ రాసి కాపీ ఉంచుకోండి. మేం ఆ న్యూజెర్సీ ఇల్లు ఖాళీ చేసినప్పుడు, మేం దిగేనాటికే ఉబ్బి ఉన్న పలకకి మా డిపాజిట్‌లో కోత వేశారు. చూపించడానికి మా దగ్గర ఫొటో లేదు. రోజూ నడిస్తే సహజంగా వచ్చే అరుగుదలకి డబ్బు కోయడానికి వీల్లేదు. టెక్సస్‌లో అయితే ఖాళీ చేసి, కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చాక 30 రోజుల్లోపు డిపాజిట్ లెక్క తేల్చాలి. ఆ చిరునామా ఇవ్వడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఎప్పుడైనా నీళ్లు పొంగిపొర్లితే దాచకండి. వాల్వ్ కట్టేసి, ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ వేసి, ఫ్యాను పెట్టి, వెంటనే మెయింటెనెన్స్ అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే. తొందరగా ఆరబెడితే చాలామటుకు బాగుపడుతుంది, ఆలస్యమైతే బూజు. అద్దెకున్నవాళ్లు తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో లయబిలిటీ భాగం, అంటే మీవల్ల ఇతరులకి జరిగే నష్టాన్ని భరించేది, ఉందో లేదో ఒకసారి చూసుకోండి, పొరపాటున కింది ఇంటికి జరిగిన నష్టానికి అదే ఆదుకుంటుంది.

ఇంత చెప్పాక మీకు టెన్షన్ పట్టుకుంటుందని తెలుసు. సరే, ఇదీ చెబుతాను. గ్లాసుడు నీళ్లు ఒలికితే ఏమీ కాదు, అప్పుడే తుడిచేస్తే చాలు. పిల్లాడు పాలు పారబోసినా, సాంబారు గిన్నె తిరగబడినా అంతే. చెప్పులు బయట విడిచే అలవాటు మనకి ఎలాగూ ఉంది, ఈ నేలలకి అంతకంటే మేలు చేసేది లేదు. ఒంగి కూర్చుని తుడిచే పని లేదు, రెండు గదుల ఇల్లు పావుగంటలో అయిపోతుంది. నెల తిరిగేసరికి చెయ్యి దానంతటదే గుడ్డని గట్టిగా పిండుతుంది. అమ్మావాళ్లు ఊరి నుంచి వస్తున్నారంటే మాత్రం, ఎయిర్‌పోర్టు నుంచి కారులో వచ్చేటప్పుడే టీ వాల్వ్ సంగతి, బకెట్ సంగతి చెప్పేయండి. ఇంటికొచ్చాక చెబుదామంటే వాళ్లు అప్పటికే చెంబు వెతుకుతుంటారు.